బొల్లికొండ ఎముకపూలు

మిట్టమధ్యాహ్నం! వినుకొండ దాపున బొల్లికొండ మీద పట్టపగలే గుడ్లగూబ కూసింది... మబ్బుతునక లేని ఆకాశం ఫెళఫెళమని ఉరిమింది!

కొండ కొమ్మున ఒంటరిగా ఎముకపూల పొద. కాలిన ఎముకల్లాంటి తెల్లని పూలు. భూమండలంలో ఆ కొండ మీద తప్ప మరెక్కడా మొలవదది. ఆ మట్టిని విడిచి క్షణమైనా ఓర్వదు.

దాన్ని వేళ్ళతో సహా పెకలిస్తున్నాడు జయరావు. నల్లకళ్ళజోడు, చెమటకు జారిపోతున్న విగ్గు, మెడలో ప్లాస్టిక్ పుర్రెల దండ... ఇదీ మహామాంత్రికుడి వైభవం! మొన్న మిరప కళ్ళంలో ఆ విగ్గును చూసి శ్రీరమ్య పక్కున నవ్వింది. అంతమాత్రానికే ఆ పిల్ల మీదికి పిశాచాన్ని ఉసిగొల్పిన నీచుడు వీడే. వదిలిస్తానని వచ్చినవాడూ వీడే! ఈ వేరును కపాలానికి చుడితే చాలు... శ్రీరమ్య ప్రాణం అందులో శాశ్వతంగా బందీ!

ఆమె తండ్రి బుల్లయ్యకు ఇదేమీ తెలియదు.

"సామీ, కాళ్ళూ చేతులూ దులుపుకుని దిగండి. ఈ కొండ మట్టి కిందికి తేకూడదండి. మేం గొర్రెల గిట్టలు కూడా తుడిచే దింపుతాం."

"ఒరేయ్, పిశాచాలే నా కాళ్ళు పట్టుకుంటాయి. మట్టికి భయపడమంటావా?" గోళ్ళనిండా ఎర్రమట్టితో జయరావు వికటంగా నవ్వాడు.

కొండ కింద కళ్ళంలో, ఎండబోసిన కాయల మధ్య, ముగ్గులో కపాలం. మంచానికి కట్టిన శ్రీరమ్య మగగొంతుతో గర్జించింది. "విడవను! ఈ ప్రాణం నాది!" తల్లి హనుమాయమ్మ కూతురి పాదాలు వదలకుండా పట్టుకుంది.

"హ్రీం!" జయరావు వేరును కపాలానికి చుట్టబోయాడు.

వేరు కదిలింది! పాములా తల తిప్పింది... వెతికింది... తన మట్టి ఎక్కడ?

వాడి గోళ్ళలో!

"ఆఁ...! ఒరేయ్ బుల్లయ్యా, లాగరా! లాగవయ్యా!... బుల్లయ్యగారూ, లాగండీ!"

వేరు కొసలు గోళ్ళ సందుల్లోంచి మణికట్టులోకి, భుజంలోకి, కంఠంలోకి దిగాయి. ఆ అరిచే నోట్లో తెల్లమొగ్గ విచ్చుకుంది! కపాలం పటుక్కున పగిలింది, పిశాచం కట్టూ తెగింది. జయరావు లేచి కొండవైపు కదిలాడు. నడుస్తున్నది వాడు కాదు... పొద! తన ఇంటికి పోతోంది.

"అమ్మా... మంచినీళ్ళు," అంది శ్రీరమ్య, తన గొంతుతోనే.

మర్నాడు ముగ్గురూ కొండెక్కి చూశారు. పొద తన గుంటలోనే ఉంది, ఒళ్ళంతా విరగబూసి. మహామాంత్రికుడి గుర్తుగా ఒక కొమ్మకు విగ్గు వేలాడుతోంది.

శ్రీరమ్య ఈసారీ పక్కున నవ్వింది.

"నవ్వింది చాల్లేవే," అంది హనుమాయమ్మ. "ముందు కాళ్ళు దులుపుకో."