మైనస్ రెండు కేజీల ఆరొందలు

మా చలమయ్య మావయ్య షాపు నరసరావుపేటలో, బజారు వెనక సందులో. కాటాలు బాగుచేస్తాం. మిరపకాయల కొట్లవాళ్లవి, పత్తి కొనేవాళ్లవి, కోడిమాంసం కొట్లవాళ్లవి. ఇంటర్ తప్పాక నేనూ అక్కడే కూర్చున్నాను. "మా దేవిక సోల్డరింగ్ నాకంటే శుభ్రంగా చేస్తది" అని మావయ్య అంటాడంట. నా ముందు అనడు, వేరేవాళ్ల దగ్గర అంటాడు.

పోయిన వానాకాలంలో జోసెఫ్ కీబోర్డు పట్టుకుని మా షాపుకి వచ్చాడు. మాచర్ల అతను. ఆదివారాలు చర్చిలో, మిగతా రోజులు ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు. కాటాల షాపుకి కీబోర్డు తెచ్చావేందయ్యా అని మావయ్య నవ్వాడు. నేను విప్పి చూశాను. కరెంటు పిన్ను దగ్గర అతుకు ఊడింది. పది నిమిషాల పని. నేను గంట చేశాను.

అతను స్టూలు మీద కూర్చుని, నా చేతుల వైపే చూస్తూ అన్నాడు. "దీంతో ఒకటే బాధండీ. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకే మాట అంటది. వేలు బరువు తెలుసుకునేది కావాలి. అట్టాంటివి బయటి దేశం నుంచి రావాలి, మన వల్ల కాదు."

"బరువు చూట్టమే కదండీ మా పని," అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. రాత్రి నిద్ర పట్టలేదు. అతని వేళ్లే కళ్లముందు ఆడుతున్నాయి.

అట్టా మొదలైంది ఈ వేలు బరువు తెలుసుకునే పెట్టె. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నా. హైదరాబాదు నుంచి చిన్న బోర్డు తెప్పించా. మూలపడ్డ మైకుసెట్టు నుంచి తిప్పే బుడిపెలు పీకా. పెట్టె మీద నాలుగు స్టీలు పలకలు. ఒక్కో పలక కింద ఒక లోడ్ సెల్. అంటే వేలెడంత అల్యూమినియం కడ్డీ, ప్రతి కాటాలోనూ ఉంటది. పైన బరువు పడితే వెంట్రుకంత వంగుద్ది. ఆ వంపుని బోర్డు అంకెగా మార్చి కీబోర్డుకి పంపుతుంది. పెట్టెకి సొంత గొంతు లేదు. తనని ఎవరో తాకారు, ఇంత బరువుగా తాకారు అని కీబోర్డుకి చెప్పుద్ది, అంతే. అంకె కనపడటానికి ప్రతి పలక పక్కనా చిన్న డిస్‌ప్లే అద్దం, దాని కింద సున్నా చేసే మీట పెట్టాను. కేజీల్లోనే చూపిస్తది. నాకు తెలిసిన లెక్క అదే మరి.

శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో, వాళ్ల ఆర్కెస్ట్రా ప్రభ మీద, అంటే లైట్లు కట్టిన ఎత్తైన బండి మీద, వాయించాలి. "గురువారం కల్లా ఇస్తే మీ పెట్టే వాయిస్తానండీ. ఇది దేవిక చేసిందని మైకులో చెప్తా," అన్నాడు జోసెఫ్. లేకపోతే పాత కీబోర్డే. అంతమంది జనంలో, అన్ని లైట్ల కింద, అతని నోట నా పేరు... ఆ ఒక్కమాట కోసం నేను ఏదైనా చేసేదాన్ని. చేశాను కూడా.

మూడు లోడ్ సెల్స్ మా షాపు తుక్కులోనే దొరికినై. నాలుగోది లేదు. చిలకలూరిపేటలో పాత ఇనుప సామాను కొనే మన్సూర్ భాయ్ దగ్గరికి బస్సెక్కి పోయాను. ఆయన గోతాం పట్టా కింద నుంచి ఒక చిన్న కాటా తీశాడు. పైన పళ్లెం మధ్యలోకి గుంటగా, దొన్నెలాగా ఉంది.

"చేపల కాటా అమ్మా. పట్టుకుపో."

పళ్లెం అక్కడే వదిలేసి లోపలి కడ్డీ ఒక్కటే పీక్కొచ్చాను. బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వాసనొచ్చింది. చేపల వాసన కాదు. పౌడరు వాసన. పక్కన కూర్చున్నామెదేమో అనుకుని చూశాను. ఆమె దారిలో దిగే రైతు ముసలామె, చేతిలో పుగాకు కాడ.

సోమవారం ఆ కడ్డీ నాలుగో పలక కింద బిగించాను. స్విచ్చి వెయ్యగానే మూడు పలకలు సున్నా చూపించినై. నాలుగోది 2.40.

పైన ఏమీ లేదు.

మరలు వదులు చేశా. తీగలు మార్చా. మూడో పలక తీగ నాలుగోదానికి, నాలుగోది మూడోదానికి వేసి చూశా. అంకె ఆ కడ్డీతోనే పోయింది. కడ్డీ వంగిపోయిందేమో, మన్సూర్ భాయ్ చచ్చు సరుకు అంటగట్టాడేమో. మంగళవారం చూస్తే 2.50. కడ్డీలు పాతబడితే అంకె జరుగుద్ది, అది నాకు తెలుసు. కానీ అటూ ఇటూ జరగాలి. ఇది ఒక వైపుకే పోతోంది.

ఇంకొకటి. ఆ అంకె నిలవటల్లేదు. 2.50, 2.51, 2.50, 2.51. మెల్లగా... ఒక తూగులో.

కోడిమాంసం కొట్టువాళ్ల కాటాల్లో చూశాను అట్టా. కోసిన కోడిని పెడితే అంకె నిలుస్తది. బతికున్నదాన్ని పెడితే నిలవదు.

మావయ్య మీద అనుమానం వచ్చింది. జోసెఫ్ సంగతి కనిపెట్టి, నేను లేనప్పుడు పెట్టెని కదిలిస్తున్నాడేమో. "మావయ్యా, నా పెట్టె ముట్టుకున్నావా?" అని అడిగాను.

"నీ హార్మోనీ పెట్టెతో నాకేం పనే? తూనికల ఆఫీసరొచ్చి ముద్ర వేసే లోపల ఈ తొమ్మిది కాటాలు తేలాలి. ముందు వాటి సంగతి చూడు," అని కసిరాడు.

మన్సూర్ భాయ్‌కి ఫోను చేశాను. "భాయ్, ఆ కాటా నిజంగా చేపలదేనా?"

"చేపలదో, పురిటి పిల్లలదో. తుక్కుకి కులగోత్రాలు అడుగుతారా అమ్మా?"

"పిల్లలదేంది?"

ఆయన గొంతు బాగా తగ్గించి అడిగాడు. "స్విచ్చి వేసే ఉంచావా? తీసేశావా?"

"వేసే ఉంది. ఎందుకు?"

ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆ రోజు కడ్డీని పీకేసి ఉంటే సరిపోయేది. వేరే కడ్డీ తెప్పించాలంటే నాలుగు రోజులు. గురువారానికి రెండే రోజులు. పీకలేదు.

గురువారం మధ్యాహ్నం మావయ్య అన్నానికి ఇంటికి పోయాడు. తిని పడుకుంటే మూడింటి దాకా రాడు. ఎండకి షట్టరు సగం దించాను. సందులో అలికిడి లేదు. షాపులో చీకటి చీకటిగా ఉంది. కాలిన సీసం వాసన, కాటాలకి అంటుకున్న మిరపకారం ఘాటు. నా బల్ల దగ్గర నుంచి షట్టరు దాకా ఆ తొమ్మిది కాటాలు నేల మీద వరసగా, అన్నీ ఆన్‌లో ఉన్నై. ఏ బరువూ లేకుండా రోజంతా సున్నా నిలబడుతుందా అని చూడటానికి మావయ్య అట్టా పెడతాడు. తొమ్మిది ఎర్ర సున్నాలు.

నాలుగో పలక 2.60 చూపిస్తోంది. అరచెయ్యి పెట్టాను. మిగతా మూడు పలకలూ చల్లగా ఉన్నై. అది గోరువెచ్చగా ఉంది.

సందులో బండి చప్పుడు. జోసెఫ్.

మా పనిలో ఒక నియమం ఉంది. సున్నా మీట నొక్కే ముందు కాటా ఖాళీగా ఉందో లేదో కళ్లారా చూసుకోవాలి. పైన ఏదన్నా ఉండగా నొక్కితే, ఉన్నది లేనట్టే అయిపోద్ది. కాటా దాన్ని మర్చిపోద్ది. మోసం చేసేవాళ్లు చేసేది అదే. నేను కళ్లారా చూశాను. పలక ఖాళీ.

నొక్కాను.

0.00. కాసేపటికి 0.01. మళ్లీ 0.00.

జోసెఫ్ షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చాడు. తెల్ల చొక్కా, చెమట. "అయిందా అండీ?" అని అడిగి, నేను తలూపేలోపే కీబోర్డు తీగ పెట్టెకి గుచ్చాడు. మొదటి పలక మీద వేలు ఆనించాడు. వయొలిన్లు మూలిగినై. నొక్కే కొద్దీ పెరిగి, పెరిగి, షాపంతా నిండిపోయి, రేకు కప్పు కూడా సన్నగా వణికింది. అతను నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వుకి నేను అన్నీ మర్చిపోయాను. నిజంగా.

"దీన్ని ఎంత బుజ్జగించి చేశారండీ మీరు!"

రెండో పలక. మూడోది. నాలుగో దాని మీద చెయ్యి పెట్టబోయి ఆగాడు.

"ఇదేంది? మైనస్ చూపిస్తోంది?"

-2.60.

అతనికి తెలీదు. కాటాల షాపులో పెరిగినదాన్ని, నాకు తెలుసు. మైనస్ ఎప్పుడొస్తదో. పైన ఉన్నదాన్ని సున్నా చేసేశాక... అది దిగిపోతే వస్తది.

"ఏం లేదండీ. కొత్తది కదా. మళ్లీ సున్నా కొడితే సర్దుకుంటది," అన్నాను. కొట్టాను. 0.00. ఈసారి కదల్లేదు. రాయిలాగా నిలబడింది.

"బలే. నేను బండికి కట్టుకుంటా, తాడుందా?"

తాడిచ్చాను. పెట్టె ఎత్తుకుని కాటాల వరస పక్కగా నడిచి, షట్టరు కింద నుంచి బయటికి పోయాడు. కాళ్లు మాత్రం కనపడుతున్నై, వెలుగులో.

అప్పుడు చూశాను.

నా బల్ల దగ్గరున్న మొదటి కాటా. 2.60.

2.61... 2.60... 2.61.

సున్నా అయింది. రెండో కాటా మీద 2.60.

చప్పుడు లేదు. ఏమీ కనపడటల్లేదు. ఎర్ర అంకె ఒక్కటే ముందుకి జరుగుతోంది. పౌడరు వాసన. రెండోది సున్నా... మూడోది. అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగింది. పాకే పిల్లలు ఆగి తలెత్తి చూస్తారే, అట్టా.

నాలుగోది.

షట్టరు వైపే పోతోంది. బయట జోసెఫ్ ఈల వేసుకుంటూ తాడు బిగిస్తున్నాడు.

అరుద్దామనుకున్నాను. అరిచి ఏం చెప్పను? చెప్తే నవ్వుతాడు. లేకపోతే పెట్టె దించేసి పోతాడు, మళ్లీ రాడు. ఐదోది... ఆరోది... నేను గోడకి రాసుకుంటూ పరిగెత్తాను. ఏం ఆలోచించానో తెలీదు. అది అతని దగ్గరికి పోకూడదు, అంతే. షట్టరు పక్కనున్న చివరి కాటా ఎక్కి, వరసకి ఎదురుగా నిలబడ్డాను.

నా బరువు చూపించింది. 46.30.

ఏడోది 2.60. సున్నా.

ఎనిమిదోది 2.60. నా కాలి వేళ్లకి జానెడు దూరం. 2.61. 2.60.

సున్నా.

కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు నా కాటా అంకె పెరుగుద్ది. ఎంత పెరుగుద్దో కూడా తెలుసు. పాదాల మీద ఏదన్నా తగులుద్దేమోనని కాలి వేళ్లు బిగబట్టాను. ఏమీ తగల్లేదు. కళ్లు తెరిచాను.

46.30.

45.80.

44.90... 44.10...

43.70 దగ్గర ఆగింది.

పెరగాల్సింది తగ్గటమేంది?

షట్టరు కింద నుంచి జోసెఫ్ తల వంచి చూశాడు. "కాటా ఎక్కారేందండీ? లావయ్యారని భయమా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. "పొండి," అన్నాను. గొంతు గుసగుసగా వచ్చింది. సిగ్గనుకున్నాడు. బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. దిగి మళ్లీ ఎక్కాను. 43.70. వేరే కాటా ఎక్కాను. 43.70. మావయ్య వచ్చాక ఇరవై కేజీల రాయి పెట్టి చూపించమన్నాను. రాయి ఇరవయ్యే.

తిరనాళ్లు అయిపోయి మూడు నెలలు. జోసెఫ్ ప్రభ మీద నా పెట్టె వాయించాడు. మైకులో నా పేరు చెప్పాడు. నేను పోలేదు, వీడియో పంపాడు. నాలుగో పలక సున్నాలోనే ఉందా అని అడిగితే ఫొటో తీసి పెట్టాడు. ఉంది. ఆదివారం వచ్చి మావయ్యతో మాట్లాడతానంటున్నాడు. నేను ఇన్నాళ్లూ కలలు కన్నది దాని కోసమే. వద్దంటున్నాను. నామీద అనుమానం వచ్చింది అతనికి, వేరే ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు.

మావయ్య భార్య రమణమ్మత్తయ్యకి వేరే అనుమానం. మొన్న నా చుడీదార్ నడుం దగ్గర కుట్లు విప్పి వెడల్పు చేసింది. రెండోసారి. దారం పంటితో కొరికి, తలుపు వైపు ఒకసారి చూసి, మెల్లగా అడిగింది.

"ఆ కీబోర్డు పిల్లోడు నిన్నేం చేశాడే?"

"అతని చెయ్యి కూడా తాకలేదత్తయ్యా."

"అబద్ధం ఆడమాక. అద్దంలో చూసుకున్నావా?"

నిజమే చెప్పాను. ఆమె నమ్మలేదు. రెక్క పట్టుకుని షాపుకి లాక్కుపోయింది. మావయ్య లేడు. కాటా చూపించి ఎక్కమంది. "ఎంత పెరిగావో తేలిపోద్ది," అంది.

ఎక్కాను.

39.20.

అత్తయ్య అంకె చూసింది. నా నడుం చూసింది. మళ్లీ అంకె చూసింది. నా రెక్క మీద చెయ్యి మెల్లగా తీసేసింది.

ఆ రోజు నుంచి అత్తయ్య నేనున్న గదిలోకి ఒక్కతే రావటల్లేదు. అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి పోతోంది.