ఉన్ని బట్టలు ఎన్ని గంటల దగ్గర?

వాషింగ్ మెషిన్ బిగించడానికి వచ్చిన మెకానిక్‌కి ఆ ఇంట్లో ఎదురైన ప్రశ్న గడియారం గురించి.

ఆ ఇంటి అమ్మమ్మకు చూపు మందగించింది. వెలుగూ నీడా తెలుస్తాయి, అక్షరాలు కనిపించవు. పాత మెషిన్ పాడైతే మనవరాలు కొత్తది కొన్నది. మధ్యలో తిప్పే నాబ్, దాని చుట్టూ చీమల్లాంటి అక్షరాలు.

"గడియారం లెక్కన చెప్పు బాబూ," అంది అమ్మమ్మ. "పైన పన్నెండు అనుకో. ఉన్ని బట్టలు ఎన్ని గంటల దగ్గర?"

అతను గోడ వైపు చూశాడు. అక్కడున్న గడియారంలో అంకెలు లేవు, గీతలే. ఊహ తెలిసినప్పటి నుంచి ఫోన్‌లోనే టైం చూసుకున్నవాడు. ఎదురుగా మనవరాలు చేతులు కట్టుకుని అతన్నే గమనిస్తోంది. రాదని చెప్పడానికి నోరు పెగల్లేదు.

"నాలుగు," అన్నాడు.

ఎనిమిది అనాల్సింది. నాలుగు దగ్గర నీళ్లు సలసలా కాగుతాయి.

వారం తిరక్కుండా మనవరాలు సర్వీస్ సెంటర్‌కి వచ్చి కౌంటర్ మీద అతని ముందు తన స్వెట్టర్ పెట్టింది.

"ఇది ఎవరికి పడుతుందంటారు?"

"పిల్లికి పట్టొచ్చండీ."

ఆమె నవ్వలేదు. "అమ్మమ్మ తప్పుగా తిప్పినట్టుంది. ఇక మెషిన్ ముట్టుకోవద్దన్నాను. అప్పట్నుంచి ఆవిడ నాతో ముభావంగా ఉంటోంది. నాబ్‌కి లాక్ లాంటిదేమైనా ఉందా?"

ఉంది. ఆ ఒక్క మాట చెప్పేస్తే అతని గండం గట్టెక్కేది.

"తప్పు ఆవిడది కాదు, నాది," అన్నాడు. "నాకు ముళ్ల గడియారం చూడటం రాదు. నోటికొచ్చింది చెప్పాను. కంప్లైంట్ రాసివ్వండి, తీసుకుంటాను."

"ఆ రోజే చెప్పొచ్చుగా?"

"అప్పుడు మీరు నన్నే చూస్తున్నారు."

ఆమె స్వెట్టర్ మడిచి సంచిలో పెట్టుకుంది. "ఆదివారం ఇంటికి రండి. అమ్మమ్మను ముందు నేను క్షమించమని అడగాలి. తర్వాత మీ వంతు."

ఆదివారం ఇద్దరి మాటలూ విని, "ఈమాత్రానికేనా?" అంది అమ్మమ్మ. గడియారం దింపించి, అద్దం తీయించి, అతని వేలు పట్టుకుని ముళ్ల మీద ఆనించింది.

"ఈ పొట్టిది నిదానం మనిషి. గంటలు చెబుతుంది. పొడుగుది హడావిడి మనిషి. నిమిషాలు దీనివి. రెండింటినీ ఒకేసారి చూడకు, కంగారుపడతావు."

అతను నాబ్ చుట్టూ వేలికి తగిలేలా జిగురు చుక్కలు పెట్టాడు. మనవరాలు తన ఉన్ని శాలువా తెచ్చి తనే మెషిన్‌లో వేసింది. అమ్మమ్మ చుక్కలు తడుముకుంటూ నాబ్ తిప్పింది. శాలువా శాలువాగానే బయటికొచ్చింది.

తర్వాతి ఆదివారాలు కూడా అతను వచ్చాడు. ఒకసారి గొట్టం చూస్తానన్నాడు, ఒకసారి ఫిల్టర్ అన్నాడు. మెషిన్‌కి ఏ జబ్బూ లేదు.

ఒక సాయంత్రం వెళ్లబోతుంటే వాన పట్టుకుంది. ఇద్దరూ వసారాలో నిలబడ్డారు. జల్లు అతని వైపే కొడుతోంది. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది.

"నేను వచ్చేది సర్వీస్ కోసం కాదండీ."

"తెలుసు. ఇవాళ టూల్స్ బ్యాగే తేలేదు మీరు."

అతను తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టం. చెబుదామని వస్తున్నాను. చెప్పలేక వెళ్తున్నాను."



"ప్రతిసారీ ఆదివారం దాకా ఆగడం నాకూ కష్టంగానే ఉంది," అంది. "రేపు నా డ్యూటీ అయ్యాక రండి."

"ఇప్పుడు టైమెంతయింది?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పకుండా వాచీ ఉన్న చెయ్యి చాపింది. అతను మణికట్టు పట్టుకుని, ముందు పొట్టి ముల్లు, తర్వాత పొడుగు ముల్లు చూశాడు.

"ఆరుకి పది నిమిషాలు తక్కువ."

"కరెక్టే."

అతను చెయ్యి వదల్లేదు.

"చూడటం అయిందిగా?"

"సరిచూసుకుంటున్నాను."

లోపలి నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "తొందరపెట్టకే. పిల్లాణ్ణి నేర్చుకోనీ."