కన్యాకుమారిలో కన్నీళ్ళు

కొబ్బరికాయ పగలకముందే రామతులసి హారతి పళ్ళెం బండి మెట్టు మీద పెట్టేసి, ఆటో పిలుచుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆటోనగర్‌లో ఎన్నో బండ్లకు పూజలు జరిగాయి గానీ ఇలాంటి పూజ ఎవరూ ఎరగరు. చక్రాల కింద నిమ్మకాయలు అలాగే ఉండిపోయాయి. గుమ్మడికాయ పట్టుకున్న ఆమె భర్త రామకోటేశ్వరరావు దాన్ని కొట్టాలో దించాలో తెలియక, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడిపోయాడు.

పూజ ఆయన కారవాన్‌కి. ఒకప్పుడు పెళ్ళివారిని మోసిన మినీబస్సు అది. స్పేరుపార్టుల షాపు నడిపే రామకోటేశ్వరరావు దాన్ని కొని, మెకానిక్ నవాబ్ షెడ్డులో సీట్లు పీకించి, పడకలూ పొయ్యీ పెట్టించి, ఏటా వేసవిలో ఇంటిల్లిపాదినీ, అక్కచెల్లెళ్ళ పిల్లల్నీ ఎక్కించుకుని దేశం తిరిగేవాడు. తరవాత ఆయన తల్లి మాణిక్యమ్మ తుంటి విరిగింది. ఆపైన కరోనా. అలా తొమ్మిదేళ్ళు బండి టార్పాలిన్ కింద నిద్రపోయింది.

బండి నిద్రపోయినా దాని కబుర్లు మాత్రం నిద్రపోలేదు. ఆయన చెప్పగా వింటే, ఊటీ ఘాట్‌లో డీజిలు అయిపోతే ఈల వేసి బండిని కొండెక్కించాడు. మధురలో ఓ కోతి స్టీరింగు పట్టి మైలు దూరం నడిపింది, మలుపులో హారన్ కూడా కొట్టింది. ఇవన్నీ విని జనం నవ్వుకునేవారు. అందరూ నమ్మింది మాత్రం కన్యాకుమారి కథ ఒక్కటే. ఆ ఉదయం కూడా బంధువులందరి ముందూ అదే ఎత్తుకున్నాడు. "సూర్యుడు సముద్రంలోంచి పైకి లేస్తున్నాడా... మా తులసి బండి వెనకాల నుంచుంది. కళ్ళ వెంట ధారలు. అంత అందం తట్టుకోలేకపోయింది పిచ్చిది. ఆ కళ్ళ కోసమే మళ్ళీ ఈ బండి లేపాను" అంటూ తలుపు తీశాడు.

లోపల సగం బండి వంటిల్లు. నల్లగా మెరిసే గ్రానైటు గట్టు, మూడు బర్నర్ల పొయ్యి, గ్రైండరు, ఊరందరికీ సరిపోయే ఇడ్లీ పాత్ర. నెలరోజులుగా భార్య కంట పడకుండా చేయించిన ముచ్చట. ఆయన అక్కగారు మురిసిపోయి, "అదృష్టవంతురాలివి తులసీ, ఇక దారంతా మాకు పెసరట్లే" అంది. సరిగ్గా అక్కడే పళ్ళెం మెట్టు మీదికి దిగింది.

పటమటలోని ఇంటికి అందరికంటే ముందు చేరింది మాణిక్యమ్మ. చేతికర్ర గడపకు కొడుతూ లోపలికి వచ్చింది. "పదిమందిలో నా కొడుకు పరువు తీసేశావు కదే. అంత కానిపని ఏం చేశాడు వాడు?"

తులసి సోఫాలో కూర్చుని ఉంది. అత్తగారు వస్తే లేచి నిలబడే మనిషి, ఆరోజు లేవలేదు.

బ్యాంకులో పనిచేసే కూతురు భానుశ్రీ పక్కన కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది. "నీకిష్టమనే కదమ్మా నాన్న ఇంత చేసింది. కన్యాకుమారిలో నువ్వు ఏడవడం నేనూ చూశాను."

"ఉల్లిపాయలే అవి."

"ఏంటీ?"

"ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నా. మీకందరికీ ఆకళ్ళు. మీ నాయనమ్మ రెండో కాఫీకి కేకేస్తోంది. సముద్రం అటుపక్క, పొయ్యి ఇటుపక్క. మీరంతా ఆహా అనడం వినపడింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఎండెక్కిపోయింది. సూర్యుడు ఎలా లేచాడో నాకేం తెలుసు? మీ నాన్న ఊరంతా చెప్పుకు తిరుగుతున్న ఆ కన్నీళ్ళు ఉల్లిపాయలవి."

గుమ్మంలోకి అప్పుడే అడుగుపెట్టిన రామకోటేశ్వరరావు అక్కడే ఆగిపోయాడు. కోతి చేత బండి నడిపించిన మనిషి చెప్పులు విప్పడం కూడా మర్చిపోయాడు.

ఎన్ని ఊళ్ళు తిరిగింది తులసి... ఏ ఊరు చూసింది? ఊటీ అంటే ఆమెకు చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె. మధుర అంటే కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ వరస. మైసూరు అంటే బ్రేకు పడి మరిగే నూనె మోచేతి మీద ఒలికిన ఊరు. ఆ సాయంత్రం ప్యాలెస్ దీపాలు చూడడానికి అందరూ వెళ్ళారు. ఆమె ఒక్కతే బండిలో చేతికి తడిగుడ్డ చుట్టుకుని ఊదుకుంటూ కూర్చుంది. తిరిగొచ్చినవాళ్ళు దీపాల సంగతి గంటసేపు చెప్పారు, ఆ వెంటనే రాత్రికి ఏం వండావని అడిగారు. ఆమె వండింది. నవ్వుతూ వడ్డించింది. ఆ నవ్వు చూసే కాబోలు, ఇన్నేళ్ళూ ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు...

"సరే, నీకంత కష్టంగా ఉంటే అమ్మిపారేస్తా" అన్నాడు రామకోటేశ్వరరావు, మొహం గంటు పెట్టుకుని. "రేపే అమ్మేస్తా. పీడా పోతుంది."

"అమ్మితే నేనూరుకోను."

"మరేం చెయ్యమంటావ్?"

"నేను రానన్నానా?" అంది తులసి. "మీరంతా కబుర్లు చెప్పుకుంటూ గడిపారు. ఆ బండి మళ్ళీ ఎప్పుడు కదులుతుందా అని కాచుకున్నది నేనండీ. అత్తయ్యకి కాళ్ళు పడుతూ కాచుకున్నాను. ఈసారి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఈసారైనా కూర్చుని చూస్తాననుకున్నా. తలుపు తీస్తే ఏముంది? వంటిల్లు. వంటిల్లు నాకు ఇంట్లో ఉంది కదా. చక్రాలున్నది ఇంకోటి ఎందుకు?" ఇప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. వాటిని చూసి మురిసిపోయే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేకపోయింది. ఆమె కొంగుతో గట్టిగా తుడుచుకుంది. "ఆ గట్టు పీకించండి. పొయ్యి తీయించండి. అది ఉంటే నేనెక్కను."

"మరి తిండో?" అంది మాణిక్యమ్మ. "హోటలు కూడు నాకు పడదు."

"పడకపోతే మీరు ఇంటి దగ్గరుండండి అత్తయ్యా."

కాపరానికొచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో వినపడని మాట అది. ముసలమ్మ కర్ర నేలకు ఆనించి, కుర్చీ లాక్కుని కోడలికి ఎదురుగా కూర్చుంది.

"నాకు నీతులు చెప్పకు. మా అత్త ఎడ్లబండి ముందు కూర్చుంటే, వెనక గంగాళాల మధ్య నేను కూర్చుని మోపిదేవి తిరునాళ్ళకి వెళ్ళేదాన్ని. కడుపుతో ఉండి కూడా. నాకెవరన్నా పీకించారా గంగాళాలు? ఆవిడ పోయి, నువ్వొచ్చాక గదుటే నాకు ముందు సీటు దొరికింది. నేను కాచుకున్నాను. నువ్వూ కాచుకో."

"నేను కాచుకుంటే వెనక్కి వెళ్ళేదెవరత్తయ్యా?" తులసి నెమ్మదిగానే అడిగింది. "మీకు కోడలొచ్చింది. నాకున్నది కూతురు. నేనెంత కాచుకున్నా నా చోటుకి ఎవరూ రారు, మీ మనవరాలేమో ఎవరి బండిలోనో వెనక కూర్చోవాలి. అట్లాగేనా?"

మాణిక్యమ్మ భానుశ్రీ వంక చూసింది. ఆ పిల్ల తల్లి మోచేతి మీది మచ్చను చూస్తోంది, ఇన్నేళ్ళకి మొదటిసారి చూస్తున్నట్టు. ముసలమ్మ కర్ర పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

రెండో రోజు తులసి తానే ఆటోనగర్ వెళ్ళింది. నవాబ్ తల గోక్కున్నాడు. "అమ్మా, రావుగారు చాలా ముచ్చటపడి చేయించారు. ఒకసారి ఆలోచించుకోండి."

"ముచ్చట ఆయనది నవాబ్ భాయ్, చెయ్యి నాది. పీకండి."

ఆ మాట వెనకాల నిలబడ్డ రామకోటేశ్వరరావు చెవిన పడింది. చొక్కా చేతులు మడిచి, రెంచి అడిగి తీసుకుని, గట్టు కింది బోల్టులు తానే విప్పాడు. మూతి మాత్రం వారం రోజులు ముడుచుకునే ఉంది. భార్యతో మాటల్లేవు. గవర్నర్‌పేటలో స్నేహితుల దగ్గర మాత్రం, "మా ఆవిడ ఒంటిచేత్తో లాగింది, గ్రానైటు గట్టు బందరు రోడ్డు దాటి పడింది" అని అప్పుడే మొదలుపెట్టాడట. ఆ సంగతి తెలిసి తులసి నవ్వలేదు గానీ, ఆరోజు ఆయన కాఫీలో చక్కెర వెయ్యడం మర్చిపోలేదు.

పెద్ద యాత్రకు ముందు హంసలదీవి దాకా ఓ చిన్న ప్రయాణం పెట్టుకున్నారు. వంటిల్లు ఉన్నచోట వెడల్పాటి కిటికీ, సీటు వచ్చాయి. రానని రెండుసార్లు భీష్మించిన మాణిక్యమ్మ, తెల్లారేసరికి తయారై వచ్చి, ముందు సీటు వైపు చూడకుండా ఆ కిటికీ దగ్గర కూర్చుంది. ముందు సీట్లో తులసి. ఉయ్యూరు చెరుకు తోటలు, చల్లపల్లి దాటాక కాలువ గట్లు... ఎవరూ పలకరించలేదు. ఆమె చూస్తూనే ఉంది.

అవనిగడ్డలో ఎండ ముదిరింది. ఓ మెస్సు ముందు బండి ఆగింది. పాత అలవాటు కదా, ఎవరూ దిగలేదు. ఎవరో ఏదో పెడతారన్నట్టు కూర్చున్నారు. తులసీ కూర్చుంది. రామకోటేశ్వరరావు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేశాడు. భానుశ్రీ లేవబోతే వెనక నుంచి మాణిక్యమ్మ కసిరింది. "నువ్వు కూర్చోవే. నీకేం పని."

ముసలమ్మ కర్ర ఊతంతో, తిట్టుకుంటూ మెట్లు దిగింది. మెస్సులోకి వెళ్ళి, కారం తక్కువెయ్యమని వంటవాడితో తగువాడిన గొంతు రోడ్డు దాకా వినిపించింది. మళ్ళీ బయటికొచ్చి, బండి ముందు తలుపు దగ్గర ఎండలో నిలబడింది. మొహంలో కోపం తగ్గలేదు.

"నీకేం కావాలే?"

తులసికి వెంటనే జవాబు తట్టలేదు. ఎవరికి ఏది ఇష్టమో, ఎవరికి ఏది పడదో ఆ ఇంట్లో అందరి సంగతీ ఆమెకు కంఠతా వచ్చు. తనకేం కావాలో... ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడగలేదు.

"ఆలోచించుకుని చెప్తానత్తయ్యా."

"త్వరగా చెప్పు. ఎండగా ఉంది" అంది మాణిక్యమ్మ. కొంగు నెత్తి మీద కప్పుకుని, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, అక్కడే నిలబడింది.

తులసి తొందరపడలేదు.