బాపుకు సెలవు

“టార్గెట్ ఆడమనిషి. కోడ్‌నేమ్ మందారం. ఫొటో లేదు, వేలిముద్ర లేదు. పొద్దుగాల ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కుతదని మాత్రం పక్కా కబురు.”

కరీంనగర్‌లో పైకి కొరియర్ షాపులా కనిపించే సీక్రెట్ ఆఫీసు అది. చీఫ్ విద్యాధర్ బ్రీఫింగ్ ఇస్తున్నాడు. ఏజెంట్ ప్రవళిక కుర్చీలో నిటారుగా కూర్చుని వింటోంది. నిటారుగా ఎందుకంటే, కుర్చీ వీపు మీద చీఫ్ చెయ్యి ఉంది.

“గోదావరి బ్రిడ్జికి విదేశీ ముఠా బాంబు పెట్టింది. రిమోట్ మందారం బ్యాగుల ఉంటది. తన బస్సు బ్రిడ్జి దాటంగనే నొక్కుతది.”

“బ్రిడ్జి బంద్ పెడితే అయిపోదా సార్?”

“అనుమానం వచ్చిందంటే అప్పుడే నొక్కుతది. చప్పుడు చెయ్యకుంట పట్టాలె.”

తర్వాత గాడ్జెట్లు. లిప్‌స్టిక్‌లో కెమెరా, దువ్వెనలో ట్రాన్స్‌మీటర్, చూడ్డానికి అచ్చం గాజుల జతలా ఉండే బేడీలు.

“చెయ్యి ఇటియ్యి, నేనే తొడుగుత,” అన్నాడు చీఫ్. ప్రభుత్వ సొమ్ము మీద ఆయనకు అంత శ్రద్ధ.

ప్రవళిక చటుక్కున ఫోన్ చెవికి పెట్టుకుంది. “ఆఁ బాపూ! కిందనే ఉన్నవా? ఇగో వస్తున్న!”

గాజులు లాక్కుని మెట్లు దిగింది. కింద బాపు లేడు. ఆ బాపు బొగ్గుబాయిలో పోయి చాలా కాలమైంది. అయినా బిడ్డ ఫోన్లో రోజూ డ్యూటీ ఎక్కుతూనే ఉన్నాడు పాపం. సెలవు లేదు, జీతం లేదు.

బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి సీట్ల నిండా, నడవ నిండా వాళ్లే. వీళ్లలో మందారం ఎవరు? పసుపు ముఖాలు, కళ్లద్దాలు, చంకన పిల్లలు. ప్రవళిక లిప్‌స్టిక్ కెమెరాతో ఒక్కొక్కరినీ ఫొటో తీసి పంపింది. పాత నేరస్థుల ఫొటోలతో పోల్చి ఆఫీసు పంపిన జవాబు ఒక్కటే: “నో మ్యాచ్.”

కొండగట్టు దాటాక తెల్ల అంగీవాడొకడు ఎక్కాడు. కొందరు ఊరు చేరడానికి బస్సెక్కుతారు, కొందరు నిలబడ్డానికే ఎక్కుతారు. వీడు రెండో రకం. బస్సు కుదుపు లేకపోయినా వీడికి కుదుపు ఉంటుంది.

మొదట ఒక కాలేజీ పిల్ల మీదికి ఒరిగాడు. ఆ పిల్ల తల తిప్పకుండానే వీపు మీది బ్యాగు తీసి మధ్యలో అడ్డం పెట్టింది. తర్వాత ఒక టీచరమ్మ. “అన్నా, జర ఆవలికి జరుగే,” అంది. అన్నా అంటే ఆగేవాళ్లు ఇంకా కొందరున్నారు. వీడు అందులో లేడు. గంగుబాయి అనే ముసలమ్మ తన గాజుకున్న పిన్నీసు తీసి పని కానిచ్చింది.

“అరె బాబా, గుచ్చుకున్నదా కొడుకా? నా పిన్నీసు జర ఆగదు!”

వాడు తొడ రుద్దుకుంటూ ముందుకు జరిగి ప్రవళిక దగ్గరికొచ్చాడు. దేశాన్ని కాపాడే ఏజెంట్ ఏం చేసింది? ఫోన్ తీసింది. “బాపూ, బస్టాండ్‌కు రా. తమ్మున్ని గూడ తోలుకరా.”

వాడు ఇంకా ముందుకెళ్లాడు. అక్కడ పచ్చ పట్టుచీర, నల్లద్దాలు, సినిమా పోస్టర్‌లోంచి దిగినట్టున్న మనిషి. వాడి చెయ్యి లేచింది. అంతే. ఆమె కూర్చున్నచోటి నుంచి కదలనేలేదు. వాడి బొటనవేలు మాత్రం వెనక్కి తిరిగింది. వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

బస్సంతా చప్పట్లు. “శభాష్ బిడ్డా! గట్లుండాలె!” అని గంగుబాయి అరిచింది. వాడు వేలు పట్టుకుని వెనక్కి పాక్కుంటూ పోయాడు.

ప్రవళిక చేతులూ చప్పట్లకు లేచాయి. సగంలో ఆగిపోయాయి.

తెల్లారితే అదే బస్టాండు, అదే బస్సు, అదే తెల్ల అంగీ. అది తెలిసిన ఆడది బ్యాగు అడ్డం పెడుతుంది, పిన్నీసు పొరపాటంటుంది, చచ్చిన తండ్రిని ఫోన్లో లేపుతుంది. కోపం మాత్రం దాచుకుంటుంది. ఈమె ఏదీ దాచలేదు. అంటే, రేపు ఈ బస్సు ఎక్కాల్సిన పని లేని మనిషి!

మందారం!

బస్సు అప్పటికే బ్రిడ్జి మీద ఉంది. వెనకే పసుపురంగు బడి బస్సు. మందారం చెయ్యి బ్యాగులోకి పోయింది. ఆ చేతికున్న పనితనం ఇప్పుడే చూసింది ప్రవళిక. బలంతో పట్టుకునే పని కాదు. పక్కకు చేరి చెవిలో అంది:

“అక్కా, వాడు మల్ల నా దిక్కే చూస్తుండు. భయమైతుంది. జర చెయ్యి పట్టుకో.”

మందారం తల తిప్పి చూసింది. బ్రిడ్జి చివరి స్తంభం కిటికీలో మెరిసింది. బ్యాగులోని చెయ్యి ఖాళీగా బయటికొచ్చి ప్రవళిక చేతిని గట్టిగా పట్టుకుంది.

క్లిక్! ఒక గాజు ఆమెకు, ఒక గాజు ఈమెకు. బ్యాగులోని రిమోట్ ప్రవళిక ఒళ్లోకి వచ్చేసింది. వెనక బడి బస్సు హారన్ కొడుతూ బ్రిడ్జి దిగింది. చూసేవాళ్లకు అక్కాచెల్లెళ్లు చేతులు పట్టుకుని కూర్చున్నట్టే ఉంది.

“అక్కా అని పిలిచి పట్టినవ్,” అంది మందారం మెల్లగా. “భయమన్నది గూడ అబద్ధమేనా?”

“గదొక్కటే నిజం.”

మందారం నవ్వింది. “గా కొరియర్ షాపుల నేను గూడ పనిచేసిన. విద్యాధర్ ఇంక గట్లనే కుర్చీ ఎనుక నిలబడుతుండా?”

ప్రవళిక వీపు మళ్లీ నిటారైంది.

“కంప్లైంట్ ఇస్తే నన్నే బదిలీ చేసిండ్రు. అవుతలి ముఠాల చేరితే వాళ్లు ఫస్టు నేర్పింది గీ బొటనవేలు పట్టు.”

“గందుకని బడి పిల్లల్ని సంపుతవా?”

మందారం కిటికీలోంచి పసుపు బస్సు దాటిపోయేదాకా చూసింది.

ప్రవళిక దువ్వెనలో ‘దొరికింది’ అని కబురు పెట్టగానే అది గరగరలాడింది. చీఫ్ గొంతు. “శభాష్ ప్రవళికా! నిర్మల్ గెస్ట్‌హౌస్‌ల ఉన్న. డీబ్రీఫింగ్. ఒక్కదానివే రా.”

ప్రవళిక చెయ్యి అలవాటుగా ఫోన్ మీదికి పోయింది. ఆగింది. పాపం బాపు, ఎన్నేళ్లని నిలబడతాడు? ఇవాళ సెలవు ఇచ్చేసింది.

“వస్తున్న సార్,” అని దువ్వెన మూసి, మందారం వైపు తిరిగింది. “అక్కా, గా పట్టు జర మల్లొకసారి చూపెట్టు. నిమ్మలంగ.”

మిషన్ మందారం ఫైలు ఇప్పటికీ ఆఫీసులో భద్రంగా ఉంది. చీఫ్ సంతకమే కాస్త వంకర. ఎడమచేత్తో అలవాటు లేదు కదా.