గోడవైపు అరిగిన మెట్లు

ఏడున్నరైనా నీళ్ళు పైకి రాలేదు. గడ్డానికి సబ్బు రాసుకుని కూర్చున్న కూర్మయ్య విసుగ్గా తలుపు తీశాడు. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో నూట పాతికేళ్ళనాటి ఆ మేడకంతా కొళాయి ఒక్కటే, అదీ కింద వాకిట్లో. వాళ్ళ కాపురం మూడో అంతస్తులో.

భార్య కాసులమ్మ చెక్కమెట్ల మలుపులో బిందె దించుకుని, మోకాలు పట్టుకుని కూర్చుంది.

"ఒలే, తొమ్మిదికి పార్టీ ఆఫీసులో మీటింగే! ఇంటాయన, మేడలు కట్టే ప్రమోటరు, పాత మేడల్ని కాపాడే బాబులు, అందరూ వొత్తారు. అద్దెకున్నోల తరపున నానే మాటాడాల."

"ఏటి మాటాడతావు మావా?"

"మేడ కూల్చరంట. బాగుసేసి, ఎనకాల కొత్తది కడతారు. అది అమ్ముకుని ప్రమోటరూ ఇంటాయనా పంచుకుంతారు. మనల్ని కదపరు. ఈ మెట్లు మాత్రం ముట్టుకోకూడదంట. నాను సరే అనేసినాను. ఈయేల సంతకం."

"మరి పైకి నీల పైపు?"

కూర్మయ్య గొంతు తగ్గింది. "మెట్ల గోడ తొలవాలంట. బాబులు వొద్దన్నారు. అందం పాడైపోతాదంట."

కాసులమ్మ నవ్వింది. ఆ నవ్వుకి ఓపిక లేదు.

"ఇంటాయన్ని అడిగినావు, ప్రమోటర్ని అడిగినావు, ఆ బాబులకి టీలు పోయించినావు. ఇరవై ఎనిమిదేళ్ళు బిందె మోసినాను, నన్నడిగినావా? గోడ నొప్పి తెలిసింది గాని..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అందరికీ సర్దాల కదే."

"సర్దు. నాకీ బిందె ఒగ్గేయ్."

అతను బిందె భుజానికెత్తుకున్నాడు. ఓడరేవు డాకులో ముప్పయ్యేళ్ళు బస్తాలు మోసిన భుజమే. కానీ షిఫ్టు అయ్యాక బస్తాకి సెలవుండేది. పది మెట్లకే ఆయాసం వచ్చి, చెయ్యి దానంతటదే గోడ పట్టుకుంది. అప్పుడు కిందికి చూశాడు.

మొన్న హెరిటేజ్ బాబు ఈ అరిగిన మెట్లకే ఫొటోలు తీసి, "నూరేళ్ళ అడుగులు, దాదా!" అన్నాడు. కూర్మయ్య కూడా మురిసిపోయాడు. అరుగుదలంతా గోడవైపే ఉంది. ఉత్త చేతులతో ఎక్కేవాళ్ళకి గోడతో పనిలేదు.

బిందె లోపల పెట్టి వచ్చి, ఆమె పక్కన కూలబడ్డాడు. "కాసులూ, కోక మార్సుకో. మీటింగుకి నువ్వూ రా."

"నానేటి సెప్తాను?"

"నాకు సెప్పినట్టే సెప్పు. పైపు ఎయ్యకపోతే నా సంతకం నేదు."

ఆమె అరిగిన మెట్టుని అరచేత్తో తడిమింది.

"మీటింగు ఎన్నో అంతస్తులో?"

"కిందే."

"అయితే వొత్తాను." కళ్ళు తుడుచుకుని, అతని భుజం పట్టుకుని లేచింది. "ముందు ఆ సబ్బు కడుక్కో. నీలు సూసి వాడు."