స్టార్ట్ కాని తొమ్మిది కార్లు

వచ్చినాయన కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఊళ్లో పేరున్న కార్ల షోరూంకి యజమాని. ముప్ఫై ఏళ్లుగా కార్లు అమ్ముతున్న మనిషి, ఆ రోజు తన కారు వదిలేసి ఎవరి కంటా పడకుండా బస్సెక్కి వచ్చాడు.

"నా మీద ఎవరో పగబట్టారమ్మా," అన్నాడు.

ఎదురుగా కూర్చున్నావిడని అందరూ సర్వేయరమ్మ అంటారు. బీమా కంపెనీలో ఇరవై రెండేళ్లు నుజ్జయిన కార్లు పరీక్షించి, పైవాళ్లకి నచ్చని నిజాలు రిపోర్టుల్లో రాసీ రాసీ విసిగి, ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. పక్క బల్ల దగ్గర కాగితం, కలం పట్టుకుని కూర్చున్నవాడు ఆవిడ మరిది. ప్రెస్సులో పద్దెనిమిదేళ్లు ప్రూఫులు దిద్దాడు. ప్రెస్సు మూతపడ్డాక వదిన దగ్గర చేరాడు. వదిన బుర్ర మీద అతనికి అంతులేని గురి.

యజమాని చెప్పిన సంగతి ఇది. మూడు వారాల్లో తొమ్మిది కార్లు, అన్నీ ఒకే మోడలు, సర్వీసు చేయించుకుని శుభ్రంగా ఇంటికి వెళ్లాయి. ఒకటి రెండు రోజులు తిరిగేసరికి మొరాయించాయి. తాళం తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. చూస్తే స్టార్టింగ్ ఫ్యూజు కాలిపోయి ఉంది. అక్కడ ఉండాల్సిన ఫ్యూజు తీసేసి, ఎవరో తక్కువ తట్టుకునేది పెట్టారు. నాలుగైదు సార్లు స్టార్ట్ చేస్తే కాలిపోయే రకం.

పది రోజుల్లో కొత్త మోడలు విడుదల. ఈలోగా ఊరంతా నవ్వుతోంది. బోల్టు మేస్త్రీ అని ఒకణ్ణి రెండు నెలల కిందట పనిలోంచి తీసేశారు, వాడి పనేనని తన అల్లుడు గట్టిగా చెబుతున్నాడు, సర్వీసు విభాగమంతా చూసేది ఆ అల్లుడే, రుజువు దొరికితే పోలీసులకి అప్పగిస్తాం అన్నాడు.

"నడుస్తూ ఉండగా ఏ కారైనా ఆగిపోయిందా?" అని అడిగింది సర్వేయరమ్మ.

"లేదమ్మా. నిలబెట్టిన కారు మళ్లీ తియ్యబోతేనే."

"తొమ్మిదింట్లో ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

ఆవిడ ఆ ముక్క రాసుకుని కింద గీత గీసింది. యజమాని జేబులోంచి కవరు తీసి కాలిపోయిన ఫ్యూజులు నాలుగు బల్ల మీద పోశాడు. భూతద్దంలో చూస్తే ప్రతి ఫ్యూజుకీ రెండు భుజాల మీదా చిన్న చిన్న పళ్ల గాట్లు ఉన్నాయి.

"అసలు ఫ్యూజులు ఏమయ్యాయి?"

యజమాని ఇబ్బందిగా కదిలాడు. "అవి పోలేదమ్మా. ఫ్యూజుల డబ్బాలో విడి ఫ్యూజులుంచే గుంటలోనే ఉన్నాయి. అక్కడి చిన్నది తీసి ఇక్కడ పెట్టి, ఇక్కడిది తీసి అక్కడ పెట్టాడు. దొంగవెధవ."

"ఏమీ ఎత్తుకుపోని దొంగ," అంది సర్వేయరమ్మ.

మర్నాడు ఇద్దరూ కార్ల వాళ్లని కలవడానికి బయల్దేరారు. మరిదికి ఆ రెండు రోజులూ జన్మలో మర్చిపోలేనివి. షోరూం పేరెత్తగానే జనం తామే ఆ కారు తయారుచేసినట్టు మీద పడ్డారు. పళ్ల డాక్టరు, నోరు తెరిచి కూర్చున్న మనిషిని అలాగే వదిలేసి బయటికొచ్చి పావుగంట తిట్టాడు. బట్టలు కుట్టే ఆవిడ కత్తెర చేత్తో పట్టుకునే మాట్లాడింది. కారు కదలక ఆవిడ కూతురు పరీక్షకి గంట ఆలస్యంగా వెళ్లిందట, లోపలికి రానివ్వలేదట. "మా అమ్మాయికి ఏడాది పోయింది. అది ఎవరిస్తారండీ?" అని అడిగితే మరిది తల వంచుకున్నాడు. పీకలదాకా కోపం వస్తోంది గానీ ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

అందరికన్నా పనికొచ్చినవాడు లెక్కల మాస్టారు. ఆయన కారు కొన్న రోజు నుంచీ చిట్టా రాసిపెట్టాడు.

"అసలు సర్వీసుకి ఎందుకిచ్చారు మాస్టారూ?"

"పెట్రోలు వాసనండీ. ఎండలో కాసేపు తోలితే గుప్పుమంటుంది. మూడుసార్లు ఇచ్చాను. మూడుసార్లూ ఏమీ లేదన్నారు. కాగితం మీద చూడండి ఏం రాశారో."

కాగితం మీద 'సాధారణ తనికీ' అని అచ్చయి ఉంది. మరిది చెయ్యి అలవాటుగా కలం కోసం వెళ్లింది. తనిఖీకి ఒత్తు లేదు. పళ్ల డాక్టరూ, కుట్టుపని ఆవిడా పెట్రోలు వాసనకే కారు ఇచ్చారు. వాళ్ల కాగితాల్లోనూ అదే మాట, అదే తప్పు.

సర్వేయరమ్మ ప్రతి కారుకీ బానెట్ ఎత్తించి, ఇంజన్ పక్కన పెట్రోలు గొట్టం అతుకు దగ్గర నల్లటి ప్లాస్టిక్ క్లిప్పుని గోటితో నొక్కి చూసింది. మాస్టారి కారులో అది బీటలు వారి ఉంది. మళ్లీ చెప్పేదాకా ఆ కార్లు తియ్యొద్దని ముగ్గురికీ చెప్పింది. ముగ్గురూ ఇంకోసారి తిట్టారు.

షోరూంలో అల్లుడు ఎదురొచ్చి మర్యాదగా కాఫీ తెప్పించాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. వర్క్‌షాపు తలుపు మీద అతను సంతకం చేసి అంటించిన నోటీసు ఉంది: 'తనికీ జరుగుతున్నప్పుడు లోపలికి రాకూడదు.' మరిది అది రెండుసార్లు చదివి, వదిన మోచేతిని తట్టాడు. ఆవిడ చూశానన్నట్టు కళ్లు ఆర్పింది.

ఫిర్యాదులు రాసుకునే కౌంటర్లో ముప్ఫై అయిదేళ్లావిడ కూర్చుని ఉంది. బల్ల మీద ఫోను, రిజిస్టరు, స్టాప్లరు, పిన్నులు పీకే కోరల చిమటా. వచ్చిన ఫిర్యాదు ముందు ఆవిడ చేత్తో రాస్తుందని, తర్వాత అల్లుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తాడని చెప్పింది. సర్వేయరమ్మ ఆ రిజిస్టరు తీసుకుని మూడు వారాల పేజీలూ తిరగేసింది. అంతలో ఒక కారు సిద్ధమైందని కబురొస్తే, ఆవిడే లేచి వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుని, కాళ్ల కింద కాగితం పట్టా పరిచి, అభిప్రాయం రాసే ఫారం పెట్టి వచ్చింది. ప్రతి కారుకీ అది ఆవిడ పనే.

స్పేర్ల గదిలో కొత్తగా వచ్చిన పెట్టె ఒకటుంది. లోపల ఇనుప క్లిప్పులు. పెట్టె మీద '212' అని అచ్చు, 'చెప్పేదాకా ఎవరికీ ఇవ్వొద్దు' అని చేతిరాత. సీలు తీసి ఉంది. మరిది కూర్చుని లెక్కపెట్టాడు. రెండు వందల పదకొండు. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ లెక్కపెట్టాడు.

బయట నీడలో అదే మోడలు ఎర్రకారు ఆగి ఉంది. అల్లుడి భార్యదట. సర్వేయరమ్మ కాపలావాడితో కబుర్లాడుతూ బానెట్ ఎత్తించి ఒక నిమిషం చూసి మూసేసింది.

చివరికి బోల్టు మేస్త్రీ. అతను ఊరవతల లారీల షెడ్డులో పనిచేస్తున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటాడని షెడ్డువాళ్లంతా చెప్పారు. షోరూం గేటు తొక్కి రెండు నెలలైందట.

"ఆ మోడలు కారొకటి రోడ్డు మీద కాలిపోయింది, తెలుసా అమ్మా? మొగుడూ పెళ్లాం చంటిపిల్లతో దూకేశారు. అతని అరచెయ్యి కాలింది. కస్టమరు సొంతంగా లైట్లు బిగించుకున్నాడు, అందుకే కాలిందని రాశారు. పెట్రోలు గొట్టం ఒకసారి చూద్దాం సార్ అన్నాను. మర్నాడు నన్ను రావద్దన్నారు," అన్నాడు మేస్త్రీ, చేతుల మసి తుడుచుకుంటూ.

మర్నాడు పదింటికి యజమాని గదిలో అందరినీ కూర్చోబెట్టింది సర్వేయరమ్మ. యజమాని, అల్లుడు, కౌంటరు ఆవిడ, బోల్టు మేస్త్రీ. మరిది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ముందు మీరడిగింది చెబుతాను," అంది యజమానితో. "ఫ్యూజులు మార్చింది మేస్త్రీ కాదు. ఈ కార్లు పాడైన రోజుల్లో అతను ఈ గేటు లోపలికి రాలేదు. పైగా ఏ మెకానిక్ దగ్గరైనా ఫ్యూజు తీసే పట్టకారు ఉంటుంది. అది గాట్లు పెట్టదు. ఈ గాట్లు పిన్నులు పీకే చిమటావి. ఫ్యూజుల డబ్బా డ్రైవరు మోకాలి పక్కనే ఉంది. సర్వీసంతా అయిపోయాక ఆ సీట్లో రెండు నిమిషాలు ఒంటరిగా కూర్చునే మనిషి ఒక్కరే."

కౌంటరు ఆవిడ తల ఎత్తింది. "నేనే సార్," అంది యజమాని వైపు చూసి.

అల్లుడు కుర్చీలోంచి సగం లేచాడు. సర్వేయరమ్మ చేత్తో కూర్చోమంది.

"నాకు మొదట్నుంచీ అర్థం కానిదొకటే. కక్షతో చేసేవాడు కారు నడిరోడ్డు మీద ఆగేలా చేస్తాడు. ఈ మనిషి ఎవరికీ దెబ్బ తగలకుండా, నిలబెట్టిన చోటే ఉండేలా చేసింది. మీ దగ్గర సర్వీసుకి రోజూ పాతిక కార్లొస్తాయి. చెడింది తొమ్మిదే, తొమ్మిదీ పెట్రోలు వాసన అని వచ్చినవే. ఆ మాట కంప్యూటర్లో లేదు, ఈవిడ చేత్తో రాసిన రిజిస్టర్లోనే ఉంది. ఎవరో కూర్చుని తొమ్మిదీ 'సాధారణ తనికీ' అని మార్చారు. ఒత్తు లేకుండా రాసే అలవాటు ఈ ఆఫీసులో ఒకరికే ఉందని, తలుపు మీది నోటీసు చూసి మా మరిది పట్టుకున్నాడు."

మరిది చెవులు వేడెక్కాయి.

"ఆ గొట్టం క్లిప్పు వేడికి పగులుతుంది. అది కార్ల కంపెనీకి తెలుసు. రెండు వందల పన్నెండు కార్లు వెనక్కి పిలిచి మార్చమని ఇనుప క్లిప్పుల పెట్టె పంపింది. మీరు పిలిచింది ఎంతమందిని?"

యజమాని అల్లుడి వైపు తిరిగాడు. ఆ పెట్టె సంగతే ఆయనకి తెలియదు.

"కొద్ది రోజులు మావయ్యా," అన్నాడు అల్లుడు. గొంతులో మర్యాద ఇంకా పోలేదు. "కొత్త మోడలు వస్తుంటే పాత కార్లన్నీ వరసగా గేటు ముందు నిలబడితే ఎవడు కొంటాడు? విడుదల కానిచ్చి అందరినీ పిలుద్దామనుకున్నాను. ప్రతి క్లిప్పూ పగలదు. వీళ్లు గోరంత దాన్ని కొండంత చేస్తున్నారు."

"పెట్టెలో ఒక క్లిప్పు తక్కువుంది," అంది సర్వేయరమ్మ. "అది మీ ఆవిడ కారులో ఉంది. నేను చూశాను. ఆవిడ విషయంలో మాత్రం ఆ కొద్ది రోజులు ఆగలేకపోయారేం?"

అల్లుడు బల్ల మీదున్న తన కాఫీ కప్పు పక్కకి జరిపాడు. యజమాని అల్లుణ్ణి చూడలేదు. కౌంటరు ఆవిడ వైపు తిరిగి, నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాడు.

"మూడు ఉత్తరాలు రాశాను సార్. మీ గది బయట పెట్టెలో వేశాను. దాని తాళం చిన్నసారు దగ్గరుంటుందని తర్వాత తెలిసింది. కంపెనీకి ఫోన్ చేస్తే మీ బ్రాంచిలోనే చెప్పుకోమన్నారు. ఈయనకి చెబితే నీ పని నువ్వు చూసుకో అన్నారు. ఆ కాలిపోయిన కారు ఫిర్యాదు కూడా నేనే రాసుకున్నాను సార్. వాసన వస్తోందని ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది. ఇంక ఏం చెయ్యాలో తోచలేదు. స్టార్ట్ కాని కారు తగలబడదు కదా అనుకున్నాను."

"కానీ ఒకమ్మాయి పరీక్ష పోయింది," అంది సర్వేయరమ్మ. ఆ మాట మెత్తగానే అంది గానీ దాచలేదు. కుట్టుపని ఆవిడ సంగతంతా చెప్పింది. "ఎవరింట్లోనైనా ఆ పూట ప్రాణం మీదికొచ్చి ఉంటే ఏం చేసేదానివి?"

అప్పటిదాకా నిటారుగా ఉన్న కౌంటరు ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది. బోల్టు మేస్త్రీ లేచి, తన ముందున్న మంచినీళ్లు ఆవిడ ముందు పెట్టాడు.

యజమాని లేచాడు. అల్లుడి దగ్గర చెయ్యి చాపి తాళాలు అడిగాడు. ఆఫీసువి, స్పేర్ల గదివి, ఉత్తరాల పెట్టెది. అల్లుడు ఒక్కొక్కటే విడదీసి ఇచ్చి బయటికి నడిచాడు. అతనికి శిక్ష అంటూ ఏం పడుతుందో, అసలు పడుతుందో లేదో మరిదికి తెలియలేదు. అదే అతన్ని ఎక్కువ మండించింది. కాలిన కారు కాగితాలు బీమా వాళ్లకి తనే స్వయంగా అందజేస్తానని వదిన అనడం ఒక్కటే కాస్త ఊరట.

యజమాని మేస్త్రీని ఆ పూటే పనిలో చేరమన్నాడు. క్లిప్పుల పెట్టె తెచ్చుకోమన్నాడు. మేస్త్రీ వెంటనే ఒప్పుకోలేదు, లారీల షెడ్డు వాళ్లకి చెప్పి రావాలన్నాడు. నా ఉద్యోగం ఉందా సార్ అని కౌంటరు ఆవిడ అడిగితే, అది తర్వాత మాట్లాడదాం, ముందు లిస్టు తియ్యమ్మా అన్నాడు యజమాని.

లిస్టు పన్నెండు పేజీలు వచ్చింది. యజమాని, కౌంటరు ఆవిడ, వదినా మరిదీ తలా మూడు పేజీలు పంచుకుని తలా ఒక ఫోను పట్టుకున్నారు. యజమాని కళ్లజోడు పెట్టుకుని మొదటి నంబరు తనే నొక్కాడు. తను ఎవరో చెప్పాడో లేదో, అవతలి గొంతు అందుకుంది. ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా ప్రతి మాటా గదంతా వినిపించింది. ఎన్నిసార్లు తిప్పారు, ఎన్ని అబద్ధాలు చెప్పారు, ఎన్ని రోజులు పనిమానుకుని మీ గేటు ముందు నిలబడ్డాం. ఆయన అడ్డం రాలేదు. అవతలివాడికి ఆయాసం వచ్చేదాకా విన్నాడు.

"మీరన్నదంతా నిజమే బాబూ," అన్నాడు చివరికి. "ఇంకా తిట్టండి, వింటాను. కారు మాత్రం తియ్యకండి. మా మనిషే మీ ఇంటికొచ్చి బాగుచేస్తాడు."

ఫోను పెట్టి, ఆ పేరు మీద గీత కొట్టి, రెండో నంబరు నొక్కాడు.