ఇరవై నాలుగో ట్రాక్టరు

"పదింటికి చిత్తూరులో బాంబు పేలుతుంది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు మామిడికాయల ట్రాక్టర్లలో ఒకదాంట్లో పెట్టారు. దాని టోకెన్ నంబరు కనుక్కో!"

ఢిల్లీలో చీఫ్ ఫోన్ పెట్టేశాడు. టైము తొమ్మిదీ నలభై. క్యూలో తొంభై ట్రాక్టర్లు. తలగుడ్డ చుట్టి దళారి వేషంలో ఉన్న ఏజెంట్ యతిరాజులు వాచీ బటన్ నొక్కాడు. అందులోంచి అప్పడమంత కంప్యూటర్ విచ్చుకుంది. నమ్మకపోతే మానెయ్యండి, నేనేం చేసేది!

విదేశీ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ హంసిని అప్పుడే ఒక లింకు పంపింది. పైకి మామిడి ధరల వెబ్ పేజీ, లోపల ముఠా రహస్య కబురు. "కాలేపాడు రకం కాయల వరుసలో ఉంది నంబరు" అంది.

పేజీ వెనక కోడ్ నిండా, ఏది ఎలా కనిపించాలో చెప్పే ట్యాగులే. అంకెల్ని మాత్రమే ఏరే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కొట్టాడు: [0-9]+. ఆ వరుసలో ఒక్కటే చిక్కింది. 24!

కమాండోలు ఇరవై నాలుగో ట్రాక్టరు మీద పడ్డారు. కాయలన్నీ రోడ్డు పాలు. బాంబు లేదు. ట్రాక్టరు మీదినుంచి రైతు వరలక్ష్మమ్మ దిగింది.

"మూడు దినాలుగా ఈడ వరసలో ఉండాను. కాయలన్నీ మట్టిలో పోస్తివి గదప్పా! యాడుండాది నీ బాంబు?"

"చూడమ్మా, కంప్యూటరే చెప్పింది..." అంటూ ఆ వరుస చూపించాడు:

<td width="24">౭౩</td>

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. "మధ్యలో డెబ్భైమూడు ఉండాది గదా?"

"అదా... ఏదో ముగ్గనుకున్నాను."

"తెలుగంకెలప్పా! పంచాంగంలో మా నాయన సూపించినాడు."

యతిరాజులు ముఖం కందిపోయింది. 24 ఉత్త పట్టిక గడి వెడల్పు. అసలు నంబరు ట్యాగుల మధ్య తెలుగులో కూర్చుంది. ఆయన ఎక్స్‌ప్రెషన్‌కు ఇంగ్లీషు అంకెలే తెలుసు. ఆయనకూ అంతే.

కమాండోలు డెబ్భైమూడో ట్రాక్టరులో బాంబు వైరు కత్తిరించేసరికి మిగిలింది ఒక్క సెకను.

నల్లకళ్లద్దాల హంసిని వచ్చింది. "ఆ అంకెల కోసం ముఠా బాసు ఆరు నెలలు ట్యూషన్ చెప్పించుకున్నాడు, యతీ. మనవాళ్లెవరూ చదవలేరని వాడికి అంత ధీమా!"

ఆయన వంగి, వరలక్ష్మమ్మ కాయలు ఒక్కొక్కటే తుడిచి ట్రాక్టరుకెత్తాడు.

"దెబ్బ తగిలినవి పక్కన పెట్టప్పా," అందామె.

సాయంత్రం తిరుపతిలో పుస్తకాల అంగడికి వెళ్లి, తెలుగంకెలున్న ఎక్కాల పుస్తకం అడిగాడు. "పిల్లవాడికి" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎన్నేండ్లప్పా పిల్లోనికి?"

"నలభై రెండు."